పొద్దు తగ్గితేనే చిక్కుడు పూత

ఏం చెల్లెమ్మా, ఇవాళ ఏం కూర? బజార్లో ఏడాది పొడుగునా అన్నీ దొరుకుతుంటే ఏ కాలానికి ఏది కాస్తుందో మనకి గుర్తుండటం లేదు. పెరట్లో రెండు పాదులో, మిద్దె మీద నాలుగు కుండీలో ఉంటే ఆ లెక్క మళ్ళీ చేతికొస్తుంది. వండేది మనమే అయినా, ఏం వండాలో కాలమే చెప్తుంది. ఆ మాట వినే ఇంట్లో కూరకి రుచి ఎక్కువని నా గట్టి నమ్మకం.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది కదా. నాలుగు చినుకులు పడి మట్టి పదునెక్కగానే బీర, సొర, కాకర, పొట్ల, బెండ విత్తనాలు పెట్టెయ్యి. కుండీల్లో అయితే ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి గుప్పెడు వేపపిండి వెయ్యి. ఆకుకూరలకి 6 నుంచి 8 అంగుళాల లోతు చాలు, తీగలకి 15 అంగుళాలైనా ఉండాలి. అడుగున చిల్లులు పూడిపోకుండా చూసుకో. వానాకాలంలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది.

“అక్కా, పూత విరగబూస్తోంది, ఒక్క కాయా నిలవట్లేదు” అని చాలామంది దిగులుపడతారు. బీర, సొర, గుమ్మడిలాంటి తీగలకి మగపూలు వేరు, ఆడపూలు వేరు. ముందు వచ్చేవి చాలావరకు మగపూలే, అవి రాలిపోతే బెంగ పెట్టుకోకు. వెనక చిన్న పిందెతో వచ్చేది ఆడపువ్వు. మిద్దెల మీదికి తేనెటీగలు పెద్దగా రాకపోతే ఆ పని మనమే చెయ్యాలి. అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యనున్న బుడిపెకి మెల్లగా అద్దు. గుమ్మడి, దోస, కాకర పూలకైతే పొద్దున్నే, బీర, సొర పూలకైతే సాయంత్రం. అవి విచ్చుకునే వేళలు అవి. రెండు మూడు రోజుల్లో పిందె పచ్చబడి రాలిపోకుండా సాగిందంటే నిలిచినట్టే.

ఇంట్లో కాసిన లేత బీరకాయ తొక్కు పారెయ్యకమ్మా. శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిర్చి దోరగా వేయించి పక్కన పెట్టు. అదే మూకుట్లో తొక్కుని పచ్చివాసన పోయేదాకా మగ్గించి, చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరి ఇంగువ పోపు పెట్టు. ముక్కలేమో పాలు పోసి కూర చేసుకో. కొయ్యగానే చిన్న ముక్క కొరికి చూడటం మాత్రం మర్చిపోకు. సొరైనా, బీరైనా చేదుగా ఉంటే ఇంక మొహమాటం లేదు, పారెయ్యాల్సిందే. ఆ చేదు విషం, ఉడికించినా పోదు.

ఇక చిక్కుడు సంగతి. ఆషాఢంలో గింజ పెడితే శ్రావణానికే పందిరంతా ఆకు కమ్మేస్తుంది గానీ పువ్వు జాడ ఉండదు. ఓపిక పట్టలేక ఎరువు మీద ఎరువు వేస్తే ఇంకా ఆకే ఎక్కువవుతుంది. మన నాటు పాదు చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితే తప్ప పూత పట్టదు. చలి మొదలయ్యాక పూసి, సంక్రాంతికి బుట్టలకొద్దీ కాస్తుంది. రథసప్తమి నాడు సూర్యుడికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టేదీ ఆ కాపు మీదున్నప్పుడే. పేనుబంక పడితే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున చల్లు. లేత కాయలకి నార తీసి, ఉడకబెట్టి, నువ్వులూ ఎండుమిర్చీ వేయించి కొట్టిన పొడి చల్లితే అన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. ముదిరిన కాయల గింజలు వంకాయతో కలిపి వండు.

ఆ చలిలోనే టమాటా, ముల్లంగి, మెంతికూర, కొత్తిమీర బాగా వస్తాయి. ధనియాల్ని రెండు బద్దలుగా నలిపి చల్లు. ఒకేసారి కాకుండా పదిహేను రోజులకో మడి చల్లుకుంటే వంటింట్లో కొత్తిమీరకి లోటుండదు.

ఎండాకాలం వచ్చిందని కుండీలు బోర్లించెయ్యకు. గోంగూర, తోటకూర, బచ్చలి వేడికి తట్టుకుంటాయి. మొక్క మొదట్లో ఎండుటాకులు పరిచి, పొద్దున, సాయంత్రం నీళ్ళు పోస్తే చాలు. బచ్చలికి విత్తనమే అక్కర్లేదు, కాడ గుచ్చితే బతుకుతుంది. బజారు నుంచి కంద తెచ్చి, ఈ బచ్చలితో కలిపి ఉడికించి, చింతపండు పులుసు పోసి దగ్గరపడనివ్వు. ఆవముద్ద మాత్రం పొయ్యి మీంచి దించాకే కలుపు, లేకపోతే చేదెక్కుతుంది.

ఈ తొలకరికి ఒక్క చిక్కుడు గింజైనా పెట్టు చెల్లెమ్మా. కొట్లో కొనేముందు అమ్మనో, అత్తనో, పక్కింటి పిన్నినో అడుగు, మూట కట్టి దాచిన గింజలు ఉంటాయి. కాపు అయిపోయే ముందు నువ్వూ నాలుగు మంచి కాయలు తీగకే ఎండనిచ్చి, గింజలు తీసి ఇంకో ఇంటికి ఇవ్వు.