గుడ్డు తినాలా, మానాలా? మీ రిపోర్టు చూసి తేల్చుకోండి

నడిగడ్డ ప్రాంతంలో ఎవరికైనా కిడ్నీ జబ్బని తెలిస్తే చాలు, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఓ పథ్యం చెప్పి పోతారు. "గుడ్డు ముట్టుకోవద్దు" అంటారొకరు. "నీరసపడ్డావు, రోజుకు రెండు తిను" అంటారింకొకరు. మానవపాడు నుంచి కర్నూలు ఆసుపత్రికి వెళ్లొచ్చిన మనిషి చివరికి ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాటే పట్టుకుంటాడు. అలా చేయకండి. మీ ఒంటికి ఏది సరిపడుతుందో మీరే అడిగి తెలుసుకోండి. అందుకు మూడు లెక్కలు తెలిస్తే చాలు.

1. జబ్బు ఏ దశలో ఉంది?
ప్రోటీన్ వాడకమయ్యాక మిగిలే యూరియాను బయటికి పంపేది కిడ్నీలే. అవి బలహీనపడి, డయాలసిస్ ఇంకా మొదలుకాని పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందని కిడ్నీ జబ్బులపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ కేడిగో 2024 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి 48 గ్రాములన్నమాట. జొన్నరొట్టె, పప్పు, పెరుగు అన్నీ అందులోకే వస్తాయి. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. కాబట్టి గుడ్డు తిన్న పూట పప్పో, మాంసమో తగ్గించుకోవాలి.

డయాలసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది. రక్తం శుద్ధి చేసేటప్పుడు అమైనో ఆమ్లాలు కూడా పోతాయి. అదే మనిషికి అప్పుడు 60 నుంచి 72 గ్రాములు కావాలి. పాత భయంతో గుడ్డు మానేస్తే కండ కరిగిపోతుంది.

2. ఫాస్ఫరస్ ఎంత?
గుడ్డులోని ఫాస్ఫరస్‌లో చాలామటుకు పచ్చసొనలోనే ఉంటుంది. తెల్లసొనలో ఉండేది 5 మిల్లీగ్రాములే. రిపోర్టులో ఫాస్ఫరస్ పెరిగి ఉంటే తెల్లసొన మేలు. రెండు తెల్లసొనల్లో 7 గ్రాముల ప్రోటీన్ దొరుకుతుంది.

3. ఉప్పు ఎంత?
ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక చిన్న చెంచా. ఉడికించిన గుడ్డు మీద మిరియాల పొడి చల్లుకోండి. పక్కన ఆవకాయ, అప్పడం వేసుకుంటే గుడ్డు విషయంలో పడ్డ జాగ్రత్తంతా వృథా. డాక్టరును అడగకుండా 'తక్కువ సోడియం' ఉప్పు వాడకండి. అందులో పొటాషియం ఉంటుంది.

ఇవాళే మొదలుపెట్టండి
క్రియాటినిన్, పొటాషియం, ఫాస్ఫరస్, ఆల్బుమిన్ అంకెలు తేదీలతో సహా ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. డాక్టరును సూటిగా అడగండి: "రోజుకు నాకు ఎంత ప్రోటీన్? గుడ్డు మొత్తం తినాలా, తెల్లసొన మాత్రమేనా? కార్తీకంలో, శనివారాల్లో మానేస్తే బదులు ఏం తినాలి?" ఇంట్లో వండేవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. ఆ జవాబు వాళ్లూ వినాలి. సలహా చెప్పే పెద్దలతో వాదన వద్దు. "డాక్టరును అడిగి చేస్తా పెద్దమ్మా" అంటే చాలు.

రిపోర్టు మారిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు మళ్లీ అడగండి. జబ్బు దశ మారితే పథ్యమూ మారాల్సిందే.