మనం తిప్పేసే పేజీ

నవల చదువుతూ ‘అరే, వీడు అచ్చం నాలాగే ఉన్నాడే’ అనుకోని పాఠకుడు ఉండడు. బాల్యం నుంచి యౌవనంలోకి అడుగుపెట్టే పాత్రల కథలైతే మరీనూ. పెద్దల చేత మాటలు పడ్డ కుర్రాడు, చదువుకోవాలని తపించే అమ్మాయి, ఊరొదిలి పట్నం చేరినవాడు... ఎవరో ఒకరు మన పోలికతో తగులుతారు. అయితే మనల్ని మనం చూసుకునేది ఆ పాత్ర పడ్డ బాధల్లోనే. ఆ పాత్ర ఇంకొకరిని బాధపెట్టే ఘట్టం రాగానే ‘ఇది వాడి కథ’ అనుకుని గబగబా పేజీ తిప్పేస్తాం. వ్యక్తిత్వానికి పనికొచ్చే సరుకంతా ఆ తిప్పేసిన పేజీలోనే ఉంటుంది.

చార్లెస్ డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ తీసుకోండి. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, చిత్తడి నేలల పక్కన ఓ పల్లె. తల్లిదండ్రులు లేని పిప్ అక్కడ అక్క పంచన పెరుగుతాడు. మాటకు ముందు చెయ్యి లేచే అక్క. ఆ ఇంట్లో వాడికున్న ఒకే ఒక్క తోడు బావ జో. కొలిమి పని చేసుకునే కమ్మరి, మనసు వెన్న.

సిగ్గు పుట్టిన చోటు

ఓ రోజు పిప్‌ను మిస్ హావిషామ్ అనే సంపన్నురాలి ఇంటికి ఆడుకోవడానికి పంపిస్తారు. అక్కడ ఎస్టెల్లా అనే అమ్మాయి వాడితో పేకాడుతూ ఎగతాళి చేస్తుంది. పేకముక్కకు వాడు చెప్పిన పేరు మోటు, చేతులు మోటు, బూట్లు మోటు. అప్పటిదాకా అవి వాడికి ఉత్త చేతులు, ఉత్త బూట్లు. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి అవే తన తక్కువతనానికి గుర్తులైపోయాయి. కొలిమీ, వంటిల్లూ, చివరికి జో కూడా ఆ లెక్కలోకే వచ్చేశారు.

ఇంతవరకూ మనం పిప్ పక్షమే. చిన్నప్పుడు బట్టల గురించో, యాస గురించో ఒక మాట పడనివాళ్లెవరు? డికెన్స్‌కూ ఈ సిగ్గు కొత్తది కాదు. 1824లో తండ్రి అప్పులపాలై జైలుకెళ్లినప్పుడు, పన్నెండేళ్ల వయసులో ఆయన బూటు పాలిష్ ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్లు అంటించాడు. 1870లో ఆయన పోయాక స్నేహితుడు ఫోర్‌స్టర్ రాసిన జీవిత చరిత్రలో గానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు.

జో లండన్ వచ్చిన రోజు

ఎవరో అజ్ఞాత దాత పుణ్యమా అని పిప్ లండన్ చేరి దొరబాబు అవుతాడు. చూసిపోదామని జో వస్తాడు. డబ్బిచ్చి రాకుండా ఆపగలిగితే అదీ చేసి ఉండేవాణ్నని పిప్ దాచకుండా చెబుతాడు. ఇరుకు పండగ బట్టల్లో జో. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక చలిమంట గూటి పైఅంచున పెడతాడు. అది పదే పదే జారిపోతుంటే, తినేది మానేసి పట్టుకోవడానికి లేస్తుంటాడు. తన చేతుల్లో పెరిగిన పిల్లాణ్ని ‘సార్’ అంటాడు. పిప్‌కు చిరాకు. అంత ఇబ్బందికీ కారణం తన మొహంలోని ముభావమేనని వాడికి అప్పుడు తట్టదు.

మర్నాడు సొంతూరు వెళ్లాలనుకున్న పిప్, పశ్చాత్తాపపు తొలి ఊపులో జో ఇంట్లోనే దిగాలనుకుంటాడు. బయల్దేరే లోపే ఒక్కో సాకూ పుట్టుకొస్తుంది. చెప్పకుండా వెళ్తే వాళ్లకు ఇబ్బంది, పక్క సిద్ధంగా ఉండదు, మిస్ హావిషామ్ ఇంటికి దూరం. చివరికి బ్లూ బోర్ అనే సత్రంలో దిగుతాడు. ఆ పశ్చాత్తాపం విలువ అంతే.

మనం ఆగి చదవాల్సింది ఇక్కడ. ఊరి నుంచి వచ్చిన నాన్నను హాస్టల్ గేటు దగ్గరే పలకరించి పంపేసినవాళ్లకు ఈ సాకులన్నీ కంఠస్థం. పశ్చాత్తాపపడితే మారిపోయినట్టే అనుకుంటాం. పడ్డవాడు బ్లూ బోర్‌లో గది తీసుకోవచ్చని డికెన్స్ చూపిస్తాడు.

పక్క పాత్రల దగ్గర నేర్చుకునేది

ఎప్పుడూ కథానాయకుడి కుర్చీలోనే కూర్చోనక్కర్లేదు. పిప్ స్నేహితుడు హెర్బర్ట్‌ను చూడండి. లండన్‌లో కలిసి చేసిన మొదటి భోజనంలో పిప్ కత్తిని నోట్లో పెట్టుకుంటాడు. హెర్బర్ట్ ఏదో కథ చెబుతూ మధ్యలో ఆగి, ఇక్కడ కత్తి నోట్లో పెట్టుకోరని సరదాగా అనేసి, మళ్లీ కథలోకి వెళ్లిపోతాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. ఎస్టెల్లా చూపించిందీ, హెర్బర్ట్ చూపించిందీ ఒకలాంటి లోపమే. ఒకరి మాటతో వాడికి ఇల్లే పరాయిదైంది, ఇంకొకరి మాటతో భోజనం చేయడం వచ్చింది. జూనియర్ తప్పు దిద్దేటప్పుడు మనం ఈ ఇద్దరిలో ఎవరిమి?

పిప్ చేసిన మంచిపని ఒకటుంది. తన డబ్బుతో మొదలుపెట్టి, హెర్బర్ట్‌కు తెలియకుండా, అతన్ని ఒక వ్యాపారంలో భాగస్వామిని చేయిస్తాడు. ఆస్తి ఆశలన్నీ కూలిపోయాక పిప్‌కు గుమస్తా కొలువిచ్చి బతుకు నిలబెట్టింది ఆ కంపెనీయే. కుమిలిపోయిన రాత్రులు వాడిని మార్చలేదు. చేతల్లో పెట్టిన ఒక్క పని అక్కరకొచ్చింది.

ఇక జో. అప్పు తీర్చక అరెస్టు కాబోయే స్థితిలో పిప్ జబ్బుపడితే వచ్చి సేవ చేస్తాడు. పిప్ కోలుకునేకొద్దీ ఆయన నోట మళ్లీ ‘సార్’ దొర్లుతుంది. ఒక ఉదయం 123 పౌండ్ల 15 షిల్లింగుల 6 పెన్నీల అప్పు కట్టేసిన రసీదు పెట్టి, చెప్పకుండా వెళ్లిపోతాడు. మనం పెట్టిన దూరాన్ని ఎదుటివాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు. పెద్ద మనసున్నవాళ్లు కూడా.

నవల పూర్తయ్యాక ‘ఎంత బాగా రాశాడో’ అనుకుని ఊరుకోకండి. ఏ పేజీ దగ్గర మీకు ఇబ్బందిగా అనిపించిందో వెనక్కి తిప్పి చూడండి. అక్కడ గుర్తొచ్చిన మనిషి పేరు నోటు పుస్తకంలో రాసుకోండి. క్షమాపణల ఉత్తరాలు అక్కర్లేదు. ఈసారి పండక్కో పెళ్లికో ఊరెళ్లినప్పుడు, ‘వాళ్లకెందుకు ఇబ్బంది’ అంటూ లాడ్జిలో గది బుక్ చేయకుండా నేరుగా వాళ్లింట్లోనే దిగండి.