చేప అలిగిందా? చచ్చిపోయిందా?

హిమాయత్‌నగర్‌లో అపార్టుమెంట్లు ఎక్కువ. కొన్ని ఇళ్లల్లో ముందు గదిలో అద్దాల తొట్టె ఉంటుంది. అందులో రంగురంగుల చేపలు తిరుగుతుంటాయి. చూసి మురిసేది ఇంటివాళ్లు. నీళ్లు మార్చేది పనికి వచ్చే అక్కలు. కొన్ని చేపలు వేల రూపాయల ఖరీదు. చేప చస్తే మాట పడేది ఎవరు?

ఒక అక్క సంగతి చూడండి. ఆ ఇంట్లో జానెడు పైన పొడవున్న ఆస్కార్ చేప ఉంది. అక్క తొట్టె నీళ్లన్నీ తోడేసింది. నల్లా నీళ్లు నేరుగా పట్టింది. చేప గిర్రున తిరిగింది. అద్దానికి గుద్దుకుంది. తరువాత దాని రంగు వెలిసిపోయింది. అడుగున పక్కకు ఒరిగి పడుకుంది. అక్క గుండె ఆగినంత పనైంది. చేపల దుకాణానికి ఉరికింది.

"అన్నా, చేప సచ్చిపోయింది!"

"మొప్పలు ఆడుతున్నయా అక్కా?"

"ఆడుతున్నయి."

"అయితే బతికే ఉంది. ఆస్కార్‌కు అలక ఎక్కువ. నీళ్లు మారిస్తే అట్లనే పడుకుంటది. నీళ్లు ఎన్ని మార్చినవ్?"

"మొత్తం."

"అందుకే దడుసుకున్నది. ఈ మందు పట్టుకపో, తొందరగా కలుపు."

ఆస్కార్ దక్షిణ అమెరికా చేప. అడుగు పొడవు దాకా పెరుగుతుంది. చేప ఒంట్లో వేడి మన లాగ స్థిరంగా ఉండదు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ అంతే. చన్నీళ్లు ఒక్కసారి పోస్తే తట్టుకోలేదు. చేప పక్కల వెంట ఒక గీత ఉంటుంది. నీటి కదలిక దానితోనే తెలుస్తుంది. బకెట్టుతో దబదబా పోస్తే బెదరదా మరి?

అలక అయితే కొన్ని గంటల్లో తీరుతుంది. కాని చేప పైకి వచ్చి నోరు తెరిచి గాలికి కొట్టుకుంటే అది అలక కాదు. మొప్పలు మరీ వేగంగా ఆడినా ప్రమాదమే. నల్లా నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. మనకు కలరా, విరేచనాలు రాకుండా అది కాపాడుతుంది. అదే క్లోరిన్ చేప మొప్పలను కాలుస్తుంది. దుకాణంలో దొరికే హైపో మందు దాన్ని విరిచేస్తుంది. మందు లేకపోతే నీళ్లు ముందు రోజే వెడల్పు టబ్బులో పట్టి, మూత పెట్టకుండా ఉంచాలి. క్లోరిన్ చాలావరకు గాలిలో పోతుంది.

కొర్రమీను అయితే కొద్ది నీళ్లల్లో కూడా బతుకుతుంది. పైకి వచ్చి గాలి పీలుస్తుంది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందుకు వాడేది కొర్రమీను పిల్లలనే. (ఆ మందు సంగతి వేరే మాట్లాడుకుందాం.) ఆస్కార్‌కు ఆ శక్తి లేదు.

నీళ్లన్నీ ఒకేసారి మార్చరాదు. వారానికి నాలుగో వంతు చాలు. తొట్టె స్పాంజిలో కంటికి కనబడని మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. చేప మలినంలోని విషాన్ని అవి విరుస్తాయి. పెరుగుకు తోడు దాచుకున్నట్టు వాటిని కాపాడుకోవాలి. స్పాంజిని నల్లా కింద కడగవద్దు. తోడి తీసిన పాత నీళ్లలోనే పిండాలి. సబ్బు అసలే వద్దు.

చెయ్యి పెట్టే ముందు మోటారు, హీటరు స్విచ్చులు ఆపి ప్లగ్గులు తీయాలి. ఇది చేప కోసం కాదు, మన ప్రాణం కోసం. అరోవానా అనే పెద్ద చేప ఉంటే పైన మూత సగమే తెరవాలి. అది బెదిరితే ఎగిరి బయట పడుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. తొట్టె పొడవు 4 అడుగులు. వెడల్పు ఒకటిన్నర, ఎత్తు ఒకటిన్నర. అందులో ఇంచుమించు 250 లీటర్ల నీళ్లు పడతాయి. నాలుగో వంతు అంటే 60 లీటర్ల పైన. 20 లీటర్ల పెయింటు డబ్బాతో మూడు డబ్బాలు. మీరు పని చేసే ఇంట్లో తొట్టె 3 అడుగుల పొడవే ఉందనుకోండి. వెడల్పు, ఎత్తు అంతే. అప్పుడు ఎన్ని డబ్బాలు? పలక మీద వేసి చూడండి.