పికప్ బండికి అదనపు దీపములు

మన పాఠశాల పిల్లల తండ్రులలో పికప్ బండ్లు నడుపువారు కొందరు కలరు. మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ చుట్టియున్న ఈ పావగడ తాలూకా నుండి టమోటా, చింతపండు, పట్టుగూళ్ళు వేసికొని హిందూపురమునకో, మడకశిరకో, చళ్ళకెరెకో చీకటితోనే బయలుదేరుదురు. తిరుమణి పరిసరములలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రము 2019 నాటికి పూర్తియైనది. అయినను ఊరు దాటిన పిదప దారిలో బండి తనతో తెచ్చుకొన్న వెలుగే వెలుగు. అందుచేత బంపరుకు ‘ఫోకస్ లైట్లు’ బిగించుకొనుట ఎక్కువగుచున్నది. ఆ పని ఎట్లు చేయవలెనో ఇచట కొంత వివరింప దలచితిమి.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగును. ఎదుట ఎనుము కనబడినది మొదలు కాలు బ్రేకు మీదికి పోవుటకు సెకనున్నర పట్టినచో 25 మీటర్లు గడచిపోవును. మంచి తారుదారిలో ఆగుటకు మరి 28 మీటర్లు కావలెను. వెరసి 53 మీటర్లు. బరువు నిండుగా నుండి టైర్లు అరిగియున్నచో ఇంకను ఎక్కువ. డిమ్ములో కనబడు దూరమును ఇంచుమించు ఇంతయే. కావున దూరమునకు వెలుగు కోరుట తప్పు కాదు.

తప్పు తీగలో నున్నది. 55 వాట్ల హాలోజెన్ దీపములు రెండింటికి 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుండి అవి తొమ్మిది ఆంపియర్లకు పైగా తీసికొనును. అర చదరపు మిల్లీమీటరు సన్న తీగను నాలుగు మీటర్లు లాగి, డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా నేరుగా దీపములకు కలిపినారనుకొందము. ఆ తీగ నిరోధము సుమారు 0.14 ఓమ్. పదవ తరగతి పిల్లవాడు ఓమ్ నియమముతో లెక్కకట్టి చెప్పగలడు: వోల్టున్నర్ధమునకు కొంచెము తక్కువ, అనగా వోల్టుంబాతిక, తీగలోనే పోవును, పదునొకండు వాట్ల వేడి దాని తొడుగు క్రింద పుట్టును. హాలోజెన్ దీపమునకు వోల్టేజి పదవవంతు తగ్గినచో వెలుగు దాదాపు మూడవవంతు తగ్గును. డబ్బు పెట్టి కొన్న వెలుగు ఇట్లు ప్లాస్టిక్కును కాల్చుటకు పోవుచున్నది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగయైనచో నష్టము పావు వోల్టే.

స్విచ్చి కాలిపోకుండుటకు రిలే కావలెను. రిలే యనగా చిన్న విద్యుదయస్కాంతముచే పనిచేయు స్విచ్చి. దాని కాళ్ళపై అంకెలుండును. బ్యాటరీ నుండి 15 ఆంపియర్ల ఫ్యూజు గుండా వచ్చు లావు తీగ 30కి; దీపములకు పోవునది 87 నుండి; 85 ఎర్తునకు; 86కు మాత్రము స్విచ్చి నుండి సన్న తీగ చాలును. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోనే యుండవలెను. అది కాపాడునది తీగను గాని దీపమును గాదు. ఫ్యూజు పోయినపుడెల్ల రాగిపోగు చుట్టి బండి నడుపు అలవాటు మన వైపు బాగుగా నున్నది. దానికంటె దీపములు లేకుండుటయే మేలని మా యభిప్రాయము. పని మొదలిడుటకు ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పవలెను. రేకులో రంధ్రము చేసి తీగ దూర్చుచోట రబ్బరు బూషు తప్పదు; లేనిచో కుదుపులకు తొడుగు కోసికొనిపోవును.

ఇక ముఖ్యమైన సంగతి. 86కు పోవు స్విచ్చి తీగను పార్కింగు దీపము నుండి గాని నేరుగా బ్యాటరీ నుండి గాని తీయరాదు. హై బీమ్ తీగ నుండి తీయవలెను. అపుడు డ్రైవరు డిమ్ము కొట్టగానే అదనపు దీపములును తమంతట తామే ఆరును. ఎదుట సైకిలుపై వచ్చువానికి దారి కనబడును. వాని కన్ను చెదరి తేరుకొనుటకు మూడు సెకనులు పట్టినను, అదే వేగమున వచ్చు మరియొక బండివాడు 50 మీటర్లు గ్రుడ్డిగా నడిపినట్లే గదా! కొన్ని బండ్లలో హై బీమ్‌ను ఎర్తు వైపున తెంపి కలుపుదురు. వానికి ఈ కూర్పు మారును గనుక ఆటో ఎలక్ట్రీషియను మొదట మీటరు పెట్టి చూడవలెను. ఎల్.ఇ.డి. దీపములు తక్కువ కరెంటు తీసికొనుట నిజమే గాని, వాట్లు తగ్గినంత మాత్రమున ఎదుటివాని కంటికి బాధ తగ్గదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 106వ నియమము ముందు దీపపు వెలుగు కన్నులను మిరుమిట్లు గొల్పకుండ క్రిందికి వంగియుండవలెనని చెప్పుచున్నది. రిజిస్ట్రేషను అధికారి ముందస్తు అనుమతి లేక స్పాట్ లైటు, సెర్చి లైటు వాడుటను 111వ నియమము నిషేధించుచున్నది. కొనుటకు ముందే రవాణా కార్యాలయములో విచారించుట మంచిది.

పికప్ బండికి మరియొక చిక్కు కలదు. సరుకు ఎక్కించగా వెనుక కమ్మీకట్టు దిగి ముక్కు లేచును. ముందు వెనుక చక్రముల నడుమ మూడు మీటర్లున్న బండి వెనుక ఆరు సెంటీమీటర్లు దిగినచో, 50 మీటర్ల దూరమున వెలుగు ఒక మీటరు పైకి పోవును. ఖాళీ బండికి సరిచూచి బిగించిన దీపము నిండు బండికి ఆకాశదీపమే యగును. కావున బస్తాలు వేసిన పిదపనే, చదునైన నేలపై, ఎనిమిది మీటర్ల దూరమున గోడకెదురుగా బండి నిలిపి, వెలుగు నడిబొట్టు దీపము ఎత్తుకంటె కొంచెము క్రిందనే పడునట్లు బోల్టులు బిగింపవలెను. తరువాత ఒకరు యాభై అడుగులు ముందుకు పోయి సైకిలు మీద కూర్చున్న యెత్తున నిలువగా, లోపలివారు డిమ్ము కొట్టి చూడవలెను. రెండు దీపములును ఒక్కమారుగా ఆరనిచో 86 తీగను మరల విప్పవలసినదే.