అంకెల వెనుక ఉద్యోగాలు

మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ఈమధ్య ఒకరోజు, "నాన్నా, డేటా ఉద్యోగాలన్నీ ఇంజినీరింగ్ చదివినవాళ్లకేనా?" అని అడిగింది. ఎంఐఎస్ విభాగంలో నేను చేసిన ఒక పొరపాటునే దానికి జవాబుగా చెప్పాను. మన సిబ్బంది పిల్లలకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఈ విభాగంలో చేరిన కొత్తలో శాఖలవారీగా మొండి బాకీల నివేదిక తయారు చేయమన్నారు. 90 రోజులు దాటి బకాయి ఉన్న రుణ ఖాతాలన్నీ ఏరి పట్టిక పంపాను. మర్నాడే వేరుశనగ పండే ప్రాంతం నుంచి ఒక మేనేజర్ గారు ఫోన్ చేశారు. "ఏమండీ, మీ లెక్కలో మా రైతులంతా మొండి బాకీదారులైపోయారే! పంట రుణానికి 90 రోజుల లెక్క ఎక్కడిది?"

ఆయన మాట నిజం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం స్వల్పకాలిక పంట రుణం రెండు పంట సీజన్లు, దీర్ఘకాలిక పంట రుణం ఒక సీజన్ బకాయి పడితేనే నిరర్థక ఆస్తి అవుతుంది. కంప్యూటర్ నేను అడిగిందే ఇచ్చింది. నేను అడిగిందే తప్పు. ఆ పట్టిక అలాగే సమీక్షకు వెళ్లి ఉంటే శాఖకు మాట పడేది, రైతులకు కొత్త రుణం దగ్గర చిక్కు వచ్చేది. వెంటనే వెనక్కి తీసుకుని సరిచేశాను.

ఒక నివేదిక వెనుక ముఖ్యంగా నాలుగు రకాల పనులుంటాయి.

డేటా ఇంజినీర్: కోర్ బ్యాంకింగ్, ఏటీఎం, యూపీఐ వంటి వ్యవస్థల సమాచారాన్ని తెచ్చి, శుభ్రం చేసి, ఒకచోట చేరుస్తారు. ఎస్‌క్యూఎల్, పైథాన్ బాగా రావాలి.

బీఐ డెవలపర్: ఆ సమాచారాన్ని పవర్ బీఐ, టాబ్లో వంటి సాధనాలతో డ్యాష్‌బోర్డులుగా మలుస్తారు.

డేటా అనలిస్ట్: పొదుపు ఖాతాల నిల్వ ఈ నెల ఎందుకు తగ్గింది? ఏ శాఖల్లో తగ్గింది? ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతుకుతారు.

రిపోర్టింగ్ అధికారి: రిజర్వు బ్యాంకుకు వెళ్లే రిటర్నులు చూస్తారు. ఉదాహరణకు, 5 కోట్ల రూపాయలు, ఆపైన ఉన్న పెద్ద రుణాల వివరాలు 'క్రిల్క్' వ్యవస్థకు పంపాలి.

చివరి రెండింటిలో కామర్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదివినవారు బాగా రాణించగలరు. అక్కడ బ్యాంకింగ్ తెలియడమే సగం పని.

నేర్చుకునే వరుస ఇది. ముందు ఎక్సెల్‌లో పివట్ టేబుల్, లుకప్. తర్వాత ఎస్‌క్యూఎల్. ఆ తర్వాత పవర్ బీఐ డెస్క్‌టాప్. దీన్ని ఉచితంగా దించుకోవచ్చు. వీటితోపాటు కాస్త స్టాటిస్టిక్స్. పది ఖాతాల్లో పదేసి వేలు, పదకొండో ఖాతాలో 10 లక్షలు ఉంటే సగటు లక్ష రూపాయలు వస్తుంది. కానీ లక్ష ఉన్న ఖాతా ఒక్కటీ లేదు! మధ్యగతం చూస్తే 10 వేలే. ఏ లెక్క ఎక్కడ వాడాలో తెలియాలి.

ఒక హెచ్చరిక. సాధన కోసం అమ్మానాన్నల ఆఫీసు ఫైళ్లు అడగకండి. ఖాతాదారుల వివరాలు గోప్యం. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో కావలసినంత సమాచారం ఉంది.

"ఆ మేనేజర్ గారు ఏ కోర్సు చేశారు నాన్నా?" అంది మా అమ్మాయి అంతా విని. కోర్సు సంగతి నాకు తెలియదు. తన శాఖలో ఏ రుణం దేనికిచ్చారో మాత్రం ఆయనకు తెలుసు.