కరవు కాలమున ఆడకూలి, మగకూలి

వానలు తప్పిన యేట కూలిపని అందరకు ఒకే రీతిగా తగ్గదు. చిత్తూరు జిల్లా మెట్టపొలములలో వేరుసెనగ సాగును పరిశీలించినచో ఈ సంగతి తేటపడును. దున్నుట మగవారి పని. ట్రాక్టరు వచ్చినను దానిని తోలువాడు మగవాడే. సాలు వెంట విత్తనము వేయుట, కలుపు తీయుట, కాయలు వొలుచుట ఆడవారి పనులు. దుక్కి, విత్తు తొలకరితోనే జరిగిపోవును. ఆడవారి కూలి దినములలో హెచ్చుభాగము ఆ పిమ్మటివి. వాన మొగము చాటువేసి పైరు ఎండినచో కలుపునకు గాని, వొలుపునకు గాని పిలుచువారుండరు. మగవాడు కుప్పములో రైలెక్కి బెంగుళూరు కట్టడపు పనులకు పోగలడు. ఇల్లు, పిల్లలు, పాడియావు చూచుకొనవలసిన స్త్రీ పోజాలదు.

ఈ భేదము పాతదే. 1876–78 నాటి ధాత కరవున చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్ కరవు పనులకు నిర్ణయించిన దినకూలి మగవానికి ఒక పౌను ధాన్యము, ఒక అణా. స్త్రీకి అంతకంటె తక్కువ. మగవానికే చాలని కూలిలో స్త్రీకి మరల కోత యేమి న్యాయమో!

1976 నాటి సమాన వేతన చట్టము ఒకే తరహా పనికి స్త్రీ పురుషులకు ఒకే కూలి ఈయవలెనని శాసించినది. కాని పనులకే వేరు పేర్లు పెట్టినచోట అట్టి శాసనము అంతగా అక్కరకు రాదు. గడ్డపార పట్టుట ఒక పని, మన్ను మోయుట వేరొక పని అన్నంతనే రెండు కూలులును న్యాయమైనట్లు తోచును. దినమంతయు వంగి కలుపు తీయుట తేలిక పని యని తూచి చెప్పినవారెవరు?

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము ఈ ముడిని కొంత విప్పినది. 2006లో తొలి విడతగా అమలుజరిగిన జిల్లాలలో చిత్తూరు ఒకటి. పని పొందువారిలో కనీసము మూడవవంతు స్త్రీలుండవలెననియు, ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురైనను పనిచోటికి వచ్చినచో వారిని చూచుటకొక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఈయవలెననియు అందు నిబంధన లుండెను. కొలతను బట్టి వచ్చిన కూలిని జట్టువారు పంచుకొనుటచే త్రవ్వినవారికిని మోసినవారికిని భేదము తగ్గెను.

అయితే జట్టు కట్టుటయందే మరల చిక్కు పుట్టును. వితంతువును, భర్త బెంగుళూరు పోయిన యామెను చేర్చుకొనుటకు తరచు వెనుదీయుదురు. కొలత తగ్గునని భయము. కావున చెరువు పూడికతీత గాని, కాలువపని గాని మొదలిడునపుడు ఏ జట్టులోను పేరులేని స్త్రీలెవరో పంచాయతీ సభ్యులు ముందుగా విచారింపవలెను. వారి పేర్లు గ్రామసభలో చదివించి, జట్టులలో చేర్చిన పిమ్మటనే కొలతలు వేయించవలెను. పిల్లలను చూచు ఆమె పేరు హాజరుపట్టీలో మొదటి దినముననే వ్రాయించవలెను.