చీటీ అడగడం నేర్పు

తల్లీ,

ఆ ఊరివాళ్ళకి ఫోను వాడకం నేర్పడానికి ఏడాది పాటు పోయావు కదా, "పెద్దమ్మా, క్లాసుకి రమ్మంటే ఒక్కరూ రారు, ఫోన్లు మాత్రం తెచ్చి నా ఒళ్ళో పడేసి పోతారు" అని వాపోయావు. పడేయరూ మరి? నువ్వు చకచకా నొక్కి పని ముగించి ఇస్తున్నావని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఊళ్ళోకి పైసా పుచ్చుకోని మీసేవ వచ్చిందని వాళ్ళు సంతోషంగా ఉన్నారు. ఇక క్లాసంటావా, ప్రొజెక్టరు పెట్టి "కంప్యూటరు భాగాలు" అని మొదలెడితే, పొద్దంతా పొగాకు పనికి పోయొచ్చిన మనిషి నీ ఎదుట ఎందుకు కూర్చుంటుంది? నేనైతే అసలే రాను.

1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు నేను రాత్రిబడిలో చదువు చెప్పేదాన్ని. ఈ కథ నీకు చెప్పిందే, అయినా మళ్ళీ విను. పుస్తకంలో సారా మీద సీతమ్మ కథ ఒకటి ఉండేది. అంతవరకూ కునికిపాట్లు పడుతూ పలక పట్టుకున్న ఆడవాళ్ళు ఆ పాఠం దగ్గర లేచి కూర్చున్నారు. కూలి ఎంత వచ్చింది, సారా కొట్టుకి ఎంత పోయింది, ఇంటికి ఎంత మిగిలింది అని ఎవరి లెక్క వాళ్ళు వేసుకున్నారు. ఆ లెక్క కోసం అంకెలు కావాల్సి వచ్చాయి గనక అంకెలు వచ్చేశాయి. నేను గొప్పగా నేర్పిందేమీ లేదు. అటు కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా లేకుండా చేశారు. 1992లో జిల్లా అంతా కదిలి సారా వేలంపాటలకి అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరాలు చెప్పడానికి పోయినవాళ్ళం మేం, ఆ అక్షరాలతో ఏం చెయ్యాలో తేల్చుకున్నది వాళ్ళు.

కాబట్టి ఫోను సంగతి తరవాత. ఆ ఊళ్ళో ఏ లెక్క తేలడంలేదో ముందు అది కనుక్కో.

నాకు తెలిసినంతలో ఒకటి చెబుతా. వేలిముద్ర వేయించుకుని డబ్బిచ్చే మిషను ఉంటుంది చూడు, దానికి పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు, అంతే. చదువు రానివాళ్ళకి మంచి సౌకర్యమే, కాదనను. కానీ పొగాకు జిగురు పట్టి, గీతలు అరిగిపోయిన వేళ్ళని మిషను ఒక్కోసారి గుర్తుపట్టదు. "పడలేదు, మళ్ళీ పెట్టు" అని మిషను నడిపే అతను అనడం అక్కడ మామూలు. నిజంగా పడలేదో, పడి డబ్బు తీసేశాక అంటున్న మాటో వేలు పెట్టిన ఆమెకి ఎలా తెలియాలి? డబ్బు పోయిందని బ్యాంకు మెసేజ్ పంపుతుంది, నిజమే. అది ఎవరి ఫోనుకి పోతుంది? ఖాతా తెరిచినప్పుడు చెన్నైలో పనిచేసే కొడుకు నంబరు ఇచ్చి ఉంటారు. డబ్బు ఆమెది, కబురు అతనికి. నువ్వు ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాల్సింది ఇది: ఖాతాకి ఎవరి నంబరు ఉంది, ఆ ఫోను పగలు ఎవరి దగ్గర ఉంటుంది, వచ్చిన మెసేజ్ ఎవరు చదువుతారు. "ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉందా, లేదా" అని టిక్కులు పెట్టుకుంటూ పోతే ఇదేమీ బయటపడదు.

ఆ తరవాత మొదటి పాఠం, "పడలేదంటే చీటీ ఇవ్వు" అని అడగడం. చీటీలో తీసింది ఎంతో, మిగిలింది ఎంతో చూసుకోవడం. దానికి స్మార్ట్‌ఫోను కూడా అక్కర్లేదు. అడగడానికి నోరు రావడమే కష్టం. నలుగురు కలిసి పోతే వస్తుంది. అందుకే పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేయించడం మాని, డ్వాక్రా సంఘం సమావేశానికి నువ్వే పో. అక్కడ పొదుపు లెక్క ఎటూ చూసుకుంటారు, ఆ పక్కనే కూర్చో.

ఇంకొకటి, దీని మీద నాతో వాదించకు. ఎవరి ఫోనూ నీ చేతిలోకి తీసుకోకు. చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడు. ఆమె తప్పు నొక్కుతుంది, నొక్కనీ. వెనక్కి ఎలా రావాలో తెలిస్తేనే భయం పోతుంది. పిన్ పైకి చెప్పబోతే అక్కడే ఆపు, కోప్పడినా ఫర్వాలేదు. నువ్వు మంచిదానివే, కానీ నీకు చెప్పడం అలవాటైన మనిషి రేపు ఫోను చేసిన ఎవడికైనా చెబుతుంది. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదన్న ఒక్క ముక్క, మోసపోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలన్న మరో ముక్క అందరి నోటా పలికించు.

2017లో కేంద్రం పల్లెల్లో ఇంటికొకరికి డిజిటల్ చదువు చెబుతామని పీఎంజీ దిశ పెట్టింది. 20 గంటల కోర్సు, వయసు 14 నుంచి 60 దాకా. ఇంటికొకరంటే ఎవరిని పంపుతారు? ఎంతో కొంత వచ్చిన కుర్రాణ్ణే. అరవై దాటినవాళ్ళు లెక్కలోనే లేరు. నిన్ను ఆ కుర్రాళ్ళ కోసం పంపలేదు. వాళ్ళు నీకే నేర్పుతారు. ఇంటరుతో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురుంటే మాత్రం ఇప్పుడే వెంట తిప్పుకో. ఏడాది కాగానే నువ్వు పోతావు, వాళ్ళు ఊళ్ళోనే ఉంటారు.

నెలనెలా "శిక్షణ పొందినవారు" అనే గడి నింపాలని దిగులు పడుతున్నావు. ఉన్నంతే రాయి, సున్నా అయితే సున్నా. నాకు రాసే ఉత్తరంలో మాత్రం ఆ అంకె వద్దు. మిషను దగ్గర ఎవరు చీటీ అడిగారు, అడిగితే మిషను నడిపే అతను ఏమన్నాడు, అప్పుడు ఈమె ఏమంది, పూసగుచ్చినట్టు అది రాయి. గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. నువ్వొక్కదానివే తినకు, సంఘం సమావేశానికి పట్టుకుపో.

నీ పెద్దమ్మ